రమణమ్మ అడిగి తెచ్చుకున్న జబ్బు

“జబ్బు నాకే అని చెప్పు తల్లీ. మిగతాది నేను చూసుకుంటా,” అంది రమణమ్మ.

గిద్దలూరులో ఆస్పత్రి పెట్టినప్పటి నుంచి డాక్టర్ ఫెబీ ఎంతోమంది రోగుల్ని చూసింది గానీ, జబ్బు ఇప్పించమని అడిగిన మనిషిని చూడలేదు. నవ్వు ఆపుకుంది.

“మరి జబ్బు ఎవరికి పెద్దమ్మా?”

“నా కోడలు అనురాధకు. బయట బల్ల మీద కూచోనుంది. నెల్నాళ్లుగా మూల పట్టింది. పలకదు, తల దువ్వదు. చూపించుకుందాం రావే అంటే నాకేం రోగం అంటది. నాకే ఆయాసమని అబద్ధం చెప్పి బేస్తవారిపేటలో బస్సెక్కించినా. కూతురు లేదమ్మా నాకు. అదట్ల అయిపోతే నేను తట్టుకోలేను.”

“దిగులును తేలిగ్గా తీసుకోకూడదు. దానికీ సుగరుకూ లంకె ఉంది. గుండె కూడా కొన్ని హార్మోన్లు వదులుతుంది. ఆడవాళ్లలో దిగులుకూ వాటికీ, ఒంటి బరువుకూ సంబంధమేంటో ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయి.”

“ఆ ముక్కే నా పేరు పెట్టి చెప్పు. రోజూ నడవాల, తోడు లేకుండా నడవకూడదను. తన కోసం కదలదు గానీ నా కోసమైతే కదులుతది.”

“మరి నీకేం బాధలని కోడలు అడిగితే?”

రమణమ్మ తడుముకోలేదు. “నిద్ర రాదు. ఒళ్లు బరువెక్కింది. దేని మీదా మనసు పోదు. మా ఆయన పోయి, గొర్రెల్ని అమ్మినాక గడప దాటబుద్ధి కాదు. చాలా, ఇంకేమన్నా కలపాల్నా?”

“చాలు,” అంది ఫెబీ, ఆమెను కాసేపు చూసి. “పరీక్ష మాత్రం నిజంగానే చేస్తాను. లేకపోతే కోడలు నమ్మదు.”

వేలికి సూది గుచ్చుతుంటే రమణమ్మ కోడలి కోసం పళ్లు బిగబట్టింది.

అనురాధ లోపలికి రాగానే రమణమ్మ కుడి పక్క గుండె పట్టుకుంది.

“గుండె ఎడమ పక్క ఉంటది అత్తా,” అంది అనురాధ నీరసంగా.

“తెలుసులేవే. నొప్పి ఇటు తిరిగింది.”

ఫెబీ గంభీరంగా చెప్పింది. “మీ అత్త మనసు బాగా కుంగింది. సుగరు అంచు మీద ఉంది. రోజూ నడిపించు. తియ్యటి టీ బంద్. రాత్రికి కొర్రన్నం.”

ఎంత బాగా అబద్ధమాడింది ఈ తల్లి అని రమణమ్మ లోపల్లోపల మెచ్చుకుంది.

అక్కడి నుంచి మొదలైంది అవస్థ. కోడలు పొద్దున్నే లేస్తే కదా. “కాళ్లు లాగుతున్నాయి, రేపు పోదాం అత్తా” అనేది. “నేను పోయినాక పోదువులే” అని మూలిగి, చెయ్యి పట్టి లాగి, రమణమ్మే ముందు నడిచేది. నాటకం బయటపడకూడదని చక్కెర లేని టీ తాగింది. కొర్రన్నం తిన్నది, తిట్టుకుంటూ.

ఒకరోజు దారిలో గొర్రెల కాపరి శ్రీను మంద ఎదురైంది.

“ఏందిరా, కుంటిదాన్ని అట్ల తరుముతున్నావు?” అని రమణమ్మ మందలోకి దూరింది. ఆ కుంటిదానికి పసరు పూసిందాకా కదల్లేదు. చీరంతా మట్టి చేసుకుని వచ్చిన అత్తను చూసి అనురాధ పగలబడి నవ్వింది. ఆ నవ్వు వినేసరికి రమణమ్మకు ఏడుపు ఆగలేదు.

రోజులు గడిచాయి. మందను చూడ్డానికి రమణమ్మ చీకటితోనే లేచేది. రాత్రి పడుకుంటే తెల్లారే మెలకువ.

మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు ఆమె డాక్టరు చెవిలో గుసగుసలాడింది. “కోడలు దారికొచ్చింది. ఈ నాటకం ఇంక చాలిద్దామా తల్లీ?”

“ఇంకొక్కసారి వేలు ఇవ్వు పెద్దమ్మా.”

సూది పొడిపించుకుని, కోడలికి పూలు కొనుక్కొస్తానని రమణమ్మ హుషారుగా బజారుకు నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి ఫెబీ అనురాధ వైపు తిరిగింది.

“మీ అత్త సుగరు దిగింది.”

“అయితే నేనింక దిగులు నటించక్కర్లేదు కదా మేడం?”