మూడు అవునులు

ఆటగాళ్లను జత చేసే పని కర్రతో బంతులు కొట్టే పూల్ ఆట బల్లలే చూసుకోవడం మొదలై అప్పటికి ఆరేళ్లు. ఆట ముగియగానే బల్ల అడిగేది, "ఎదుటివారు నిదానమా?" అని. ఎవరికైనా మూడు "అవును"లు పడితే వాళ్లను ఊరవతల నిదానస్తుల హాలుకు మార్చేసేది.

విశాఖ క్లబ్బులో త్రిపురాంబకు ప్రతి మంగళవారం సాల్మన్ మాస్టారే జోడీ. ఆయన కర్ర పట్టుకుని వంగేవారు, లేచేవారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగేవారు.

"ఏటి మాస్టారూ, బంతికి ముహూర్తం చూస్తన్నారేటి?"

"కొట్టేస్తే ఆటయిపోద్ది కదమ్మా. ఇంటికెళ్లి ఏటి సెయ్యాల?"

ఆమెకు ఒళ్లు మండేది. ఆ విసుగులో వరుసగా మూడు వారాలు "అవును" నొక్కింది. నాలుగో మంగళవారం ఎదురుగా నీలోఫర్ అనే కొత్తమ్మాయి నిలబడి ఉంది. మాస్టారిని మార్చేశారు. చకచకా ఆడేవాళ్లకు ఆ హాలులో ప్రవేశం లేదు. త్రిపురాంబ జీవితంలో చాలామంది వెళ్లిపోయారు గానీ, ఒక మనిషిని తానే పంపేయడం ఇదే మొదలు.

బంతి బల్ల మూలనున్న సంచి అంచునే ఉంది, తాకితే చాలు పడిపోతుంది. ఆమె కర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చుంది.

"ఆంటీ, మీదే వంతు. కొట్టండి!"

"కొడతాన్లే. మీది ఏ ఊరమ్మా?"

ఇరవై నిమిషాల ఆట రెండు గంటలు పట్టింది. చివరికి బల్ల అడిగినప్పుడు నీలోఫర్ మొహమాటపడింది. "పోన్లెండి ఆంటీ, పెద్దవారు. కాదనే నొక్కుతాను."

త్రిపురాంబ గబుక్కున ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా, నీకు పుణ్యముంటాది. అవుననే నొక్కు."