ఏడో మలుపు దగ్గర ఇంజను ఆపాలి

"మందు సీసా మీద రాసింది సదవకుండా తాగీసినోడు, ఇది సదువుతాడేటే గుంటా?"

ఈశ్వరమ్మ అడిగింది. కూతురు స్వర్ణ ఇంకా కంప్యూటరే ఆన్ చెయ్యలేదు.

అరకు బస్టాండు పక్కన గణపతిరావు నెట్ సెంటరు. స్వర్ణ అక్కడ పనిచేస్తుంది. శుక్రవారం సంతకొచ్చిన తల్లి రాజ్మా గింజల మూట కాళ్ళ మధ్య పెట్టుకుని స్టూలు మీద కూచుంది.

బండ్లు తోలే ఆట ఒకటుంది. అందులో ఎవరైనా తమ సొంత బండినీ, దారినీ తయారుచేసి కలుపుకోవచ్చు. దాన్ని మోడ్ అంటారట. స్వర్ణ నాలుగు నెలలు కూచుని అనంతగిరి ఘాటీ కొండదారిని కలిపింది. దాని మీద తండ్రి సోంబరు నడిపే ఆకుపచ్చ జీపుని.

తెర మీద ఆ జీపు మొదటిసారి కదిలినప్పుడు, "బేగి బ్రేకెయ్యే, లోయ!" అని ఈశ్వరమ్మ కూతురి చెయ్యి పట్టేసుకుంది.

ఆ ఆటంటే ఈశ్వరమ్మ కొడుకు ఫల్గుణకి ప్రాణం. ఈ సెంటర్లోనే ఆడేవాడు.

మూడేళ్ళ కిందట, 2005లో, జీపుని గోడకి రాసేశాడని తండ్రి ప్యాసింజర్లందరి ముందూ వాణ్ణి చెంప మీద కొట్టాడు. పంతొమ్మిదేళ్ళవాడు. మధ్యాహ్నం విశాఖ రైలెక్కాడు.

అంతే, మళ్ళీ కబురు లేదు.

మోడ్ కింద డిస్క్రిప్షన్ అని కొంచెం చోటిస్తారు, దించుకునే ముందు చదవమని.

"ఆ సోట్లో ఆడికి రాద్దాం," అన్నది ఈశ్వరమ్మే.

ఆమె చెప్పింది. స్వర్ణ టైపు చేసింది. ఆ సైట్లో తెలుగు అక్షరాలు డబ్బాలైపోతున్నాయని, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు.

'ఏడో మలుపు కాడ ఇంజను ఆపి, కొండతల్లికి ఒక్క హారను కొట్టండి. లేపోతే బండి కదలదు. మంచులో మెల్లగా పోండి. బాబూ ఫల్గుణా, నాన్న కోపం పోయింది. ఉన్నానని ఒక్క ముక్క రాయి.'

"పోయిందా అమ్మా, నాన్న కోపం?"

"పోతాది. రాయి."

ఘాటీ జీపులన్నీ ఏడో మలుపులో అలాగే ఆగుతాయి. ఎంత లోడున్నా, ఎంత ఎత్తున్నా. స్వర్ణ ఆటలోనూ అలాగే పెట్టింది.

గణపతిరావు నవ్వాడు. "కొండెక్కుతూ ఇంజను ఎవడాపుతాడు పిన్నీ? ఆటాడేవాళ్ళు డిస్క్రిప్షన్ చదవరు. డౌన్‌లోడ్ నొక్కీడం, ఆడీడం. ఆడకపోతే తిట్టీడం."

"నువ్వు సదువుతావా బాబూ?"

"నేనా?" గొంతు సవరించుకున్నాడు. "నేనూ నొక్కేస్తాను."

మూడో శుక్రవారానికి మూడొందల మంది దించుకున్నారు. కింద కామెంట్లు. స్వర్ణ ఒక్కొక్కటే తెలుగు చేసి చెప్పింది.

'ఏడో మలుపులో జీపు చచ్చింది.'

'చెత్త మోడ్.'

'నాకూ కదలట్లేదు. ఎవరికైనా కదిలిందా?'

ఈశ్వరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఇందరూ అక్కడే ఆగిపోయారా! మంచు కమ్మీస్తాది. ఎనకాల బస్సొస్తే?"

"ఆటమ్మా అది."

"తెలుసే. ఆళ్ళలో ఆడున్నాడేమోనని."

"అన్నయ్య ఆ మలుపులో ఇరుక్కుంటాడా అమ్మా?"

ఈశ్వరమ్మ సంచి సర్దుకుని లేచింది.

బయట ఎదురుచూస్తున్న సోంబరు జీపులోంచి దిగలేదు. ఆమె ఎక్కి కూచున్నాక, రోడ్డు వైపే చూస్తూ అడిగాడు. "ఎవులైనా రాసారా?"

"జీపు సెడిపోయిందని రాసారు."

"నా జీపుకేటి!" అని గేరేశాడు.

ఆరో శుక్రవారం. మళ్ళీ ఎవడో తిట్టాడు. ఆ తిట్టు కింద, పేరుకి బదులు అంకెలు పెట్టుకున్న మనిషి ఒకరు ఇంగ్లిషులో జవాబిచ్చారు.

'ఇంజను ఆపు. ఒక్క హారను కొట్టు. వెళ్తుంది.'

స్వర్ణ దాన్నీ తెలుగు చేసి చెప్పింది.

"ఒకడు చదివాడు పిన్నీ!" వెనక నుంచి గణపతిరావు. "డిస్క్రిప్షన్ చదివిన మహానుభావుడు దొరికాడు!"

ఈశ్వరమ్మ నవ్వలేదు. చదివినవాడైతే చివరి ముక్క కూడా చదివుంటాడు. అదీ చదివి ఏమీ రాయలేదంటే, వాడు ఫల్గుణ కాడు.

చదవకుండానే తెలిసినవాడైతే?

"అడగవే. సదివావా బాబూ అని. ఇంకేటీ అడక్కు, బెదిరిపోతాడు."

స్వర్ణ తెలుగులోనే అడిగింది.

ఏడో శుక్రవారం జవాబు లేదు. ఎనిమిదో శుక్రవారం లేదు.

కాఫీ కోతలు మొదలయ్యాయి. చెట్టు దగ్గర నిలబడి ఈశ్వరమ్మ పళ్ళతోపాటు ఆకులూ దూసేస్తోంది. అడక్కుండా ఉండాల్సింది. దగ్గరికొచ్చినవాణ్ణి తానే తరిమేసింది. లేకపోతే వాడికి జ్వరమేమో. లేకపోతే అసలు వాడు కాడేమో. ఆ తర్వాత వచ్చే ఆలోచనని ఆమె రానివ్వలేదు.

తొమ్మిదో శుక్రవారం సంతకి రానంది.

సోంబరు జీపుని గుమ్మం దాకా తెచ్చాడు.

"ఎక్కు," అన్నాడు.

సెంటర్లో అప్పుడే కరెంటొచ్చింది. సోంబరు ఈసారి లోపలికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. రోడ్డు వైపు చూడలేదు.

స్వర్ణ తెరని కిందికి జరిపింది. తను అడిగిన ప్రశ్న. దాని కింద కొత్తగా ఒక వరస.

"ఏటి రాసాడే?"

ఇది తెలుగు చెయ్యక్కర్లేదు. స్వర్ణ ఉన్నదున్నట్టే చదివింది.

'అప్పుడు సదవలేదు. ఇప్పుడు సదివేను.'