పడవల కాలం నాటి రాయి

ఇంటి ముందు, కాలువ వైపు పాతుకుపోయి ఉన్న బట్టలుతికే బండ దగ్గర ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని కొబ్బరిపీచుతో పాచి గీకుతున్నాడు.

"ఏవండీ, ఏం చేస్తున్నారక్కడ?" వీరదుర్గ బకెట్‌తో వచ్చింది.

ఆయన ముఖం వెలిగిపోతోంది.

"దొరికిందమ్మా! పడవల కాలం నాటి కాలువ హద్దురాయి ఇది. అంకె కూడా ఉంది, చూడండి."

హద్దు అనగానే ఆమెకు ఒళ్లు మండింది.

తాడేపల్లిగూడెం దగ్గర ఆ గట్టు మీద పన్నెండు ఇళ్లు. కాలువ స్థలం ఆక్రమించారు, ఖాళీ చేయండని తలుపులకు నోటీసులంటించి వారమైంది. మామగారి కాలం నాటి ఇల్లు. అది పోతే పిల్లలతో ఎక్కడ తలదాచుకోవాలో ఆమెకు తెలియదు.

"రాయిని కదపకండమ్మా. సోమవారం సర్వేయరుగారిని తీసుకొస్తాను."

"ఓహో, ఆయన పంపితే వచ్చారా?"

"కాదమ్మా, ఒక్క మాట వినండి. వెనకటికి పడవలకు తాడు కట్టి, ఈ గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు..."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది మీ వరస! వెళ్తారా, లేదా?"

బకెట్‌లోని సబ్బునీళ్లు ఆయన మీద కుమ్మరించింది.

ఆయన ముఖం తుడుచుకుని సైకిలెక్కాడు.

సాయంత్రం రైసుమిల్లు నుంచి వచ్చిన భర్త సాయికృష్ణ సంగతంతా విని గునపం అందుకున్నాడు.

"రాయే లేకపోతే హద్దు దాటామని ఎలా చెబుతారే?"

బండను పెకలించి, సమ్మెటతో పగలగొట్టి, ముక్కలన్నీ కాలువలో పారేశాడు. నోటీసు వచ్చాక ఆ పూటే ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

సోమవారం సర్వేయరు వెంట ముసలాయన వచ్చాడు. గుంట చూసి అక్కడే చతికిలబడ్డాడు.

"రాయేదమ్మా?" సర్వేయరు అడిగాడు.

"ఇక్కడ ఏ రాయీ లేదండీ," అన్నాడు సాయికృష్ణ ధీమాగా.

సర్వేయరు నిట్టూర్చాడు.

"తాడు లాగేవాళ్ల బాట ఆ రాయి దాకానే. కాలువ స్థలమూ అక్కడికే సరి. రాయి ఉంటే మీ పన్నెండిళ్లూ బయటే. లేదంటున్నారు కాబట్టి మ్యాపు ప్రకారం కొలవాలి. అందులో కాలువ స్థలం ఇంకా వెడల్పు, అప్పుడన్నీ లోపలికే వస్తాయి."

వీరదుర్గ గుంట దగ్గరికి పరుగెత్తింది.

"ఇక్కడే ఉండేదండీ! ముక్కలు కాలువలో ఉన్నాయి, తీసి చూపిస్తాం!"

"ఆ ముక్కలు ఎక్కడ పాతిన రాయివని పైవాళ్లడిగితే ఏం చెప్పనమ్మా?"

ఆమె ముసలాయన వైపు చూసింది.

"మరి ఈయన మీ మనిషి కాదాండీ?"

"నా మనిషా? రాయి దొరకలేదని పోయినేడాది అత్తిలి దగ్గర ఈయన ఇంటిని నేనే దగ్గరుండి కూలగొట్టించాను. అప్పట్నుంచి వేరేవాళ్ల కొంపలైనా నిలబడతాయని గట్లన్నీ తిరిగి రాళ్లు వెతుకుతున్నారు."