చందమామలో ఇద్దరు

“ఎవరు వాళ్ళు?” అన్నాడు అతను, కాఫీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసి.

కంప్యూటర్ తెర నిండా చందమామ. అప్పుడే పైకొస్తున్న నిండు చందమామ, రాగి పళ్ళెంలా ఎర్రగా ఉంది. కింది అంచున ఏదో మేడ పిట్టగోడ. ఆ గోడ వెనక, చందమామలో నిలబడ్డట్టే, ఒక మగ నీడ, ఒక ఆడ నీడ. ఆడ నీడ తల మగ నీడ భుజానికి ఆనుకుని ఉంది.

“నాకేం తెలుసండీ!” అంది భార్య. ఆమె మొహం వెలిగిపోతోంది. “మొన్న పౌర్ణమినాడు, మీరు టూర్లో ఉండగా, చంద్రుడు పైకి రావడం తీద్దామని మన డాబా మీద టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నా. సరిగ్గా సమయానికి ఈ ఇద్దరూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో వచ్చి నిలబడ్డారు. నా పంట పండిందనుకోండి!”

అతను మందుల కంపెనీ ఉద్యోగి. నెలకోసారి టూరు తప్పదు. ఈసారి టూరు నుంచి ఆ తెల్లవారే దిగాడు. ఇంకా స్నానం కూడా కాలేదు. రాగానే కప్పు చేతిలో పెట్టి, “ఇలా రండి, ఇలా రండి” అంటూ చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

ఆమె పళ్ళ డాక్టరు. పగలంతా జనం నోళ్ళలోకి తొంగిచూస్తుంది, సాయంత్రమైతే ఆకాశంలోకి. టెలిస్కోపు కొన్న కొత్తలో ఆమె తీసిన గురుగ్రహం నానబెట్టిన శనగగింజలా ఉండేది. “ఇదేనా గ్రహం, శాస్త్రవేత్తగారూ?” అని అతనే ఏడిపించేవాడు. ఆమె పట్టు వదిలిందా? లేదు. ఫోటో తీస్తే లాభం లేదని, వీడియో తీయడం నేర్చుకుంది. గాలి కదలికకి బొమ్మ వణుకుతుంది కాబట్టి, వేల బొమ్మల్లోంచి వణకనివాటిని ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చాలట. అలా ఏరీ పేర్చీ శనిగ్రహం చుట్టూ ఉంగరాన్ని కూడా తెప్పించింది. ఇప్పుడు ఈ చందమామ.

“మా ఖగోళ సంఘం ప్రదర్శనకి ఇదే పంపిస్తా. ఇన్నేళ్ళ కష్టానికి ఈ ఒక్కటి చాలండీ,” అంది.

అతనికి ఆ మాటలేవీ చెవికెక్కలేదు.

“టెలిస్కోపు అటే ఎందుకు తిప్పావు?”

“చంద్రుడు అటే కదండీ వస్తాడు!”

“అంత తూర్పు దిక్కులో ఆ మేడ ఒక్కటే దొరికిందా?”

“కాస్త పక్కకి జరగవయ్యా అని చంద్రుడితో చెప్పాల్సింది,” అని ఆమె పకపకా నవ్వింది.

అతను నవ్వలేదు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“దీన్ని ఇంకా పెద్దది చేస్తే మొహాలు కనిపిస్తాయా?”

“వెలుగు వెనకాల ఉంది కదా. ఎంత పెద్దది చేసినా ఉత్త మసి బొమ్మలే.”

“మరి వీడియోలో?”

“అందులోనూ అంతే. చూస్తారా?”

చూశాడు. నీడలు కదిలాయి. మగ నీడ చెయ్యెత్తి ఆడ నీడ జుట్టు సవరించింది. అతను కప్పు బల్ల మీద పెట్టేశాడు.

“వాళ్ళు అక్కడికి వస్తారని నీకు ముందే తెలుసు. అవునా?”

“అయ్యయ్యో, నాకెలా తెలుస్తుంది?”

“ఎవరైనా చెప్పారా? ఆ మగాడెవరో నీకు తెలుసా? నిజం చెప్పు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఏంటండీ ఆ మాటలు? నన్ను అనుమానిస్తున్నారా?”

“అడిగినదానికి చెప్పు. తెలుసా, తెలీదా?”

“తెలీదు. ఒట్టు.”

మామూలు మొగుడైతే ఆ ఒట్టుకి చల్లబడేవాడే. ఇతను చల్లబడలేదు. ఆమె కళ్ళలోకి చూశాడు, తెర వంక చూశాడు, మళ్ళీ ఆమె కళ్ళలోకి చూశాడు. ఏదో దాస్తోందనిపించింది. ఇన్నేళ్ళ కాపురం చేజారిపోతోందేమోనని నిజంగానే భయమేసింది.

“ఇంకెవరికి చూపించావు?”

“ఎవరికీ లేదు. ముందు మీకే చూపించాలని...”

“అయితే తీసెయ్.”

“ఏంటీ?”

“ఫోటో, వీడియో, మొత్తం తీసెయ్. ప్రదర్శనా లేదు, గిదర్శనా లేదు. ఎవడో పరాయి మగాడి బొమ్మ పెట్టుకుని మురిసిపోవడమేంటి? ఇది కావాలో, కాపురం కావాలో తేల్చుకో.”

ఆమె అతని మొహంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి ఫోటో మళ్ళీ జన్మలో దొరకదని ఆమెకి తెలుసు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మౌస్ అందుకుంది. ఫోటో పోయింది. వీడియో పోయింది. అంతటితో అతను వదల్లేదు. కెమెరాలోంచి కార్డు తీయించి, దాన్ని కూడా తుడిపించి, ఏమీ మిగల్లేదని తనే వెతికి చూసుకున్నాడు.

హమ్మయ్య అనుకున్నాడు. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇప్పుడు జాలి కూడా వేసింది.

“పోనీలేవే, ఏడవకు. వచ్చే పౌర్ణమికి ఇంతకన్నా మంచిది తీద్దువుగాని. నేనూ పక్కనే కూర్చుంటా, సరేనా?”

ఆమె కంప్యూటర్ ఆపేసి లేచి నిలబడింది.

“ఆ మసి బొమ్మ చూసి అక్కడున్నది మీరేనని నేను చచ్చినా పోల్చుకునేదాన్ని కాదండీ,” అంది, “మీరిన్ని ప్రశ్నలు అడక్కపోయి ఉంటే.”