లారీ దిగబడిన చోటు

గట్టు పక్కన బోరు లారీ పొద్దుటినుంచీ ఒట్టి దుమ్మే చిమ్ముతోంది. ఈ బోరులోనూ నీళ్లు పడకపోతే బయ్యన్న చేను అమ్ముకోవాల్సిందే.

“పట్టు విడవకుండా కష్టపడాలప్పా,” అన్నాడు గట్టు అవతలి దానిమ్మతోట ఓబులేష్. “నాకు నీళ్లు ఊరికే పడినాయా?”

బయ్యన్న భార్య చెన్నమ్మ తలెత్తింది. “అన్నా, నీకు నీళ్లు పడే చోటు చూసిన ఆయప్ప చేతిలో టెంకాయ యాడ లేసి నిలబడింది?”

“ఇదో, ఈ గట్టుకాడనే.”

“మరి బోరు అంతదూరంలో ఏసినారే?”

“లారీ ఆడనే దిగబడి కదల్లేదు గదా.” ఓబులేష్ గొంతు తగ్గింది.

దుమ్ము ముగ్గురినీ కమ్మేసింది.

“ఆ పొద్దు లారీని తోసినోళ్లలో నేనూ ఉన్నా,” అన్నాడు బయ్యన్న, బోరు గుంతలోంచి చూపు తిప్పకుండానే. “ఇంగొంచెం గట్టిగా తోసింటే, ఈ దుమ్ము నీ చేన్లో లేసిండేది.”