పచ్చమడి

“మంచి మడి దానికిచ్చినావత్తా. గోడ నీడ మడి నాకిచ్చినావు. సిన్నకోడలి మీద నీకున్న పేమ నాకు తెల్దేటి?” పొద్దున్న మొదలుపెట్టిన మాటనే అన్నం వడ్డిస్తూ మళ్ళీ అందుకుంది నూకాలమ్మ.

“కుళాయి దగ్గరని నువ్వే కోరుకున్నావు కదే,” అంది అత్త అప్పలనర్సమ్మ.

“అప్పుడు నాకేటి తెలుసు?”

ఆ రైల్వే క్వార్టరు పెరట్లో ఉన్నవి రెండే మళ్ళు. రెండింట్లోనూ నువ్వులే. గానుగలో ఎవరి నువ్వులకి నూనె ఎక్కువ దిగితే, ఈ ఏడు ఇంటి ఆవకాయ వాళ్ళ చేత్తో కలపాలని అత్త పెట్టిన పందెం. ఇన్నేళ్ళూ ఆ జాడీ నూకాలమ్మదే. హైమవతి కోడలిగా వచ్చాక, దాని చేతిలో ఏదో ఉందని నూకాలమ్మ మొగుడే మెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు హైమవతి మడి చూడడానికి పక్క క్వార్టర్ల వాళ్ళు కూడా వస్తున్నారు. మొక్కలు నడుమెత్తు దాటాయి. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, కొనల్లో ఇంకా పూత ఉంది. నూకాలమ్మ మడిలో ఆకు పండి రాలిపోతోంది. వర్క్‌షాపు జీతాల మీద బతికే ఇల్లు అది. మొక్క పచ్చగా ఉంటే పంట బాగున్నట్టే వాళ్ళ లెక్క.

అసలు సంగతి నూకాలమ్మ ఒక్కదానికే తెలుసు. యూరియా పూత రాకముందే వెయ్యాలనీ, కాయ పట్టాక వేస్తే మొక్క బలమంతా ఆకుకే పోయి గింజ తాలవుతుందనీ, నూనె దిగదనీ ఇందా బజార్లో ఎరువులమ్మే బెంగాలీ దాదా ఇద్దరికీ చెప్పాడు. ఇద్దరూ వేళకే వేసుకున్నారు. కాయ పడుతుండగా, హైమవతి బజారుకెళ్ళిన ఒక మధ్యాహ్నం, నూకాలమ్మ మరో డబ్బాడు యూరియా తీసుకెళ్ళి ఆమె మడినిండా జల్లి, బాల్చీతో నీళ్ళు పోసి వచ్చింది.

పైకి మాత్రం ఏడుపు మానలేదు. మానితే అనుమానం వస్తుంది. పైగా ఆ పచ్చదనం ఉత్తదని తెలిసి కూడా, ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకి కడుపు రగులుతూనే ఉంది.

“ఆ మడి సూడండి, నా మడి సూడండి,” అంది మొగుడికి పులుసు పోస్తూ.

“ఇంక ఊరుకో,” అన్నాడు తవిటయ్య.

“ఎందుకూరుకోవాలి? మడి మంచిదైతే మనిషి గొప్పేటుంది? ఆ మడే నాకిచ్చుంటే తెలిసీది.”

“నేనూ నీలాగే సేసినానక్కా,” అంది హైమవతి తలొంచుకుని. “అదెందుకలా పెరిగిందో నాకూ తెల్దు.”

“తెల్దంట, పాపం.”

మరిది దేముడు నవ్వాడు. “ఆవకాయ పెట్టకముందే ఇల్లంతా కారం సేసినావు వదినా.”

అప్పలనర్సమ్మ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో కూర్చుంది. కొడుకులనీ కోడళ్ళనీ ఒకసారి చూసి, గొంతు పెంచకుండా చెప్పింది.

“పెద్దకోడలిని ఏడిపించి నేను జాడీ నింపుకోలేను. పందెం పందెమే గానీ, ఇయ్యాల్టి నుంచి ఆ పచ్చమడి నూకాలుది, ఈ పండినమడి హైమది.”