కాలిన గ్రీజు వాసన

కొవ్వూరు ఇంకా రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ ప్రిస్కిల్లాకి ఆ వాసన తగిలింది.

కాలిన గ్రీజు వాసన.

జనరల్ పెట్టె కిక్కిరిసి ఉంది. నిడదవోలులో ఎక్కినప్పుడు ఎవరో జరిగి చోటిచ్చినా ఆమె కూర్చోలేదు. చేతిలో సంచీ లేదు. ఫోను ఇంట్లోనే వదిలేసింది. తలుపు కమ్మీ పట్టుకుని, వెనక్కి పరిగెడుతున్న అరటి తోటల్ని చూస్తూ నిలబడింది.

ఆ వాసన ఆమెకి కొత్త కాదు. భర్త లాజరు రైలు పెట్టెల షెడ్డులో పనిచేసేవాడు. చక్రాల ఇరుసులు తిరిగే బేరింగుల్లో గ్రీజు నింపడం అతని పని. ఎంత తోమి కడుక్కున్నా చేతుల్లోంచి ఆ జిడ్డు వాసన పోయేది కాదు. పోయిన వేసవిలో గుండె ఆగి అతనే పోయాడు.

"గ్రీజు లేక బేరింగు కాలిందంటే ఇరుసు చెరుకుగడలా విరుగుద్ది. వాసన మనదాకా వచ్చిందంటే అప్పటికే ఆలస్యం," అని చెబుతుండేవాడు.

ప్రిస్కిల్లా మొహం తిప్పుకుంది. నాకెందుకు అనుకుంది. కొవ్వూరు దాటితే గోదావరి వంతెన. అంతవరకు ఓపిక పడితే చాలు.

కానీ వాసన ఘాటెక్కింది. కాళ్ళ కింద ఏదో గీరుకుంటున్న చప్పుడు మొదలైంది. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఫోను చూసుకుంటున్నాడు.

"ఏదో కాలుతున్నట్టు లేదా అండి?"

"పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు లెండి," అన్నాడాయన తలెత్తకుండా.

చప్పుడు వచ్చే చోటికి సరిగ్గా పైన, సీటు మీద ఒక బాలింత కూర్చుని ఉంది. ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతోంది. ప్రిస్కిల్లా ఆ పిల్లను చూడకూడదనుకుంటూనే చూసింది. పెట్టెనిండా జనం. ఈ ఇరుసు వంతెన మీద విరిగితే ఇంతమందీ నీళ్ళలోకే.

కొవ్వూరు ఇళ్ళు కనిపించసాగాయి.

ఆమె జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళి చెయిన్ లాగింది.

బండి కీచుమంటూ ఆగింది. పెట్టెలో గోల లేచింది.

"ఏవమ్మా, బుద్ధుందా? రాజమండ్రి ఆస్పత్రిలో మా అన్నయ్య చావుబతుకుల్లో ఉన్నాడు. నీ కోసం ఆగాలా మేం?" పెద్దమనిషి మీదికొచ్చాడు.

ఆమె కిందికి దిగి కంకర మీద, ఆ చక్రం ఎదురుగా నిలబడింది. గార్డు శివరామకృష్ణ వెనక పెట్టెలోంచి రొప్పుకుంటూ వచ్చాడు.

"చెయిన్ ఎవరు లాగారు?"

"నేనేనండి. ఈ చక్రం దగ్గర బేరింగు కాలుతోంది."

ఆయన ఒకసారి వంగి చూశాడు. పొగ లేదు, మంట లేదు.

"బ్రేకు పట్టేస్తే ఇలాంటి వాసనే వస్తుందమ్మా. వెనక ఇంకో బండి ఆగిపోయి ఉంది. ఎక్కండి. ఊరికే లాగితే కేసవుతుంది, జైలుక్కూడా పంపుతారు, తెలుసా?"

"పంపించండి. ముందు దాన్ని చూడండి."

ఇంజను కూత వేసింది. తలుపుల్లోంచి జనం తిడుతున్నారు. "ఆవిణ్ణి ఇక్కడే వదిలేసి పోనివ్వండి సార్," అన్నారెవరో. గార్డు చెయ్యి చంకలోని పచ్చజెండా వైపు కదిలింది.

ప్రిస్కిల్లా రెండు చేతులూ జోడించింది.

"మా ఆయన ఈ పనే చేసేవారండి. ఆ వాసనతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. మీకు దణ్ణం పెడతాను, ఒక్క గుక్కెడు నీళ్ళు దాని మీద పోసి చూడండి. తర్వాత నన్నేం చేసినా సరే."

గార్డు ఆమె మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, కిటికీలోంచి ఎవరిదో నీళ్ళ సీసా అందుకున్నాడు. ఇరుసు చివర బేరింగు ఉండే ఇనప డబ్బా మీద కాస్త ఒంపాడు.

చుయ్యిమంది. నీళ్ళు కిందికి జారలేదు. ఆవిరై లేచాయి.

తిడుతున్నవాళ్ళు తలుపుల్లోంచి వంగి చూశారు.

గార్డు వాకీటాకీ అందుకున్నాడు. పెట్టె ఖాళీ చేయించారు. బాలింత సామాన్లతో సతమతమవుతూ, "కాస్త పట్టుకోండి ఆంటీ," అని పసిపిల్లను ప్రిస్కిల్లా చేతుల్లో పెట్టింది. పిల్ల నిద్రలోనే ఆమె వేలు పట్టుకుంది. వదల్లేదు.

జనమంతా ముందు పెట్టెల్లో సర్దుకున్నాక బండి నత్తలా పాక్కుంటూ కొవ్వూరు చేరింది. అక్కడ ఆ పెట్టెను విడదీశారు. మరమ్మతుకొచ్చిన లోకనాథ్ డబ్బా మూత విప్పి లోపలికి టార్చి వేశాడు.

"సీలు పగిలి గ్రీజంతా కారిపోయిందండి. లోపల బేరింగు పిండైపోయింది. వంతెన సగం దాకా కూడా వెళ్ళేది కాదు."

ఇందాకటి పెద్దమనిషి వచ్చి ప్రిస్కిల్లా ముందు నిలబడ్డాడు. ఆవిడ చేతుల్లోని పిల్ల తల నిమిరి వెళ్ళిపోయాడు. బాలింత వచ్చి పిల్లను తీసుకుంది. వేలు విడిపించడానికి ఇద్దరూ కలిసి తంటాలు పడాల్సొచ్చింది.

జెండా ఊపే ముందు గార్డు దగ్గరికొచ్చాడు.

"బండి బయల్దేరుతోందమ్మా. నా పెట్టెలో కూర్చోండి, రాజమండ్రిలో నేనే దగ్గరుండి దింపుతాను. అక్కడ మీరు ఎవరింటికి వెళ్ళాలి?"

వంతెన మధ్యకి రాగానే ఆ తలుపులోంచి గోదావరిలోకి దూకేయాలని ఇల్లు వదిలి వచ్చిన ప్రిస్కిల్లా, "ఎవరింటికీ కాదండి, నిడదవోలు వెళ్ళే బండి ఎన్నింటికుంది?" అని అడిగింది.